నాలుగో ప్రశ్న కింద ఖాళీ

జనవరి 9, శుక్రవారం
ఇల్లు, కిటికీ పక్క బల్ల

బొంగరానికి,

నెలలో మొదటి ఆదివారం తప్ప నేను ఉత్తరం రాయనని నీకు తెలుసు. ఇవాళ శుక్రవారం. అయినా రాయడానికి కారణం, నిన్న మధ్యాహ్నం విడుదల బోర్డు నుంచి నా పేర ఒక కాగితం వచ్చింది. నీ శిక్షలో మిగిలిన మూడేళ్లు బయట గడపనివ్వచ్చా లేదా అన్నది ఫిబ్రవరి 24న కూర్చుని తేలుస్తారట. దానికి ముందు ఇంటివాళ్ల మాట కావాలట. ఇంటివాళ్లంటే ఇప్పుడు నేనొక్కదాన్నే. మీ అమ్మే బతికి ఉంటే ఈ కాగితానికి ఇంకో నాలుగు కాగితాలు అంటించి, అన్నీ ఏడ్చి తడిపి పంపేది.

ప్రశ్నలు నాలుగున్నాయి. ఎక్కడ ఉంటాడు అన్నదానికి వెనక గదిలో అని రాశాను, తలుపు రెక్క ఊగుతోందని కూడా రాశాను. ఏం పని చేస్తాడు అన్నదానికి, మన వీధి చివర మోటార్లు బాగుచేసే ఆయన రోజుకూలికి పెట్టుకుంటానన్నాడని రాశాను. పెట్టుకుంటాడని రాయలేదు, పెట్టుకుంటానన్నాడని రాశాను. ఎవరు కనిపెట్టి ఉంటారు అన్నదానికి నా పేరూ, వయసూ, మోకాళ్ల సంగతీ రాశాను.

నాలుగో ప్రశ్న దగ్గర కలం ఆగింది. ‘ఇతని గుణం గురించి మీ అభిప్రాయం. మంచివాడా? మారాడా?’ దాని కింద అర పేజీ ఖాళీ వదిలారు.

నేను మందుల గిడ్డంగిలో సరుకు లెక్క చూసిన కాలమంతా నాకు ఒకటే సూత్రం. కంటితో చూడని డబ్బా కాగితం మీదికి రాకూడదు. అందుకని నీ గురించి నేను చూసిందేదో, విన్నదేదో నిన్నటి నుంచి వేరు చేస్తున్నాను. ఆ బిల్డింగు లిఫ్టు తనిఖీకి వెళ్లి నువ్వు రెండు అంతస్తుల తలుపులు చూశావు. పై నాలుగూ చూడకుండానే కార్డులో ‘బాగుంది’ అని రాశావు. నాలుగో అంతస్తు తలుపు గొళ్లెం అరిగిపోయి ఉంది. లిఫ్టు కింద ఉండగానే తలుపు తెరుచుకుంది. కుట్టిన బట్టల మూట గుండెకు హత్తుకుని వస్తున్న దర్జీ ఆమెకు ముందేముందో కనపడలేదు. ఇదంతా కోర్టులో విన్నాను. నేను చూసింది మాత్రం, ఆ సాయంత్రం నువ్వు ఇంటికొచ్చి, చెప్పులు కూడా వదలకుండా వంటగది గోడకు ఆనుకుని నిలబడటం.

కాగితం నెలాఖరులోగా చేరాలి. నాలుగో ప్రశ్న కింద ఏం రాయమంటావు? నువ్వు ఏం రాయమంటే అది రాస్తానని కాదు. నీ మాట కూడా వినాలి కనక అడుగుతున్నాను.

అమ్మమ్మ


జనవరి 17
జైలు, వడ్రంగి షెడ్డు వెనక మెట్లు

అమ్మమ్మా,

కాగితం నీకు పంపామని ఇక్కడి గుమాస్తా చెప్పిన రోజు నుంచీ నాకు తిండి సయించడం లేదు. ఎందుకంటే నువ్వెవరో నాకు తెలుసు. ఇంకో అమ్మమ్మయితే ఈపాటికి ‘మావాడు బంగారం’ అని రాసి పోస్టులో వేసేసేది.

మా బరాకులో ఈల అని ఒకడున్నాడు. పొద్దస్తమానం పళ్ల సందుల్లోంచి ఈల వేస్తుంటాడు, అందుకే ఆ పేరు. దొంగతనం మీద రావడం ఇది మూడోసారి. వాళ్ల పెద్దమ్మ బోర్డుకి ఏం రాసిందో తెలుసా? ‘మావాడు పక్కింటి తలుపు తీసి ఉన్నా అటు తొంగి చూడడు’ అని. ఆ కాపీ చదివి ఈలగాడే కిందపడి దొర్లాడు. “తొంగి ఎందుకు చూస్తాను, సరాసరి లోపలికే పోతాగా” అన్నాడు.

అందరూ అలాగే రాస్తారమ్మమ్మా. బోర్డు వాళ్లకీ తెలుసు. అదొక మర్యాద. ఎదురుపడితే నమస్కారం పెడతాం చూడు, అలాంటిది. పెట్టినంత మాత్రాన మన మనసులో గౌరవం పొంగిపోతోందని ఎవరూ అనుకోరు. కానీ పెట్టకపోతే మాత్రం చూస్తారు.

నాకు ఇక్కడ పేరు బాగానే ఉంది. వడ్రంగి మాస్టారు వారం వారం యంత్రాల కార్డు నింపే పని కూడా నాకే అప్పగించాడు. నవ్వకు. నేనూ నవ్వలేదు.

ఒక్క మాట రాయి. ‘మంచివాడు.’ నాలుగక్షరాలు. నీ కలంలో సిరా కూడా ఖర్చు కాదు. ఇంకో మూడేళ్లు నేను ఇక్కడ ఉండలేను. ఇది వేళాకోళం కాదు, నిజంగానే ఉండలేను.

నీ బొంగరం


జనవరి 25
ఇల్లు

బొంగరానికి,

కాగితం నిన్న రిజిస్టరు పోస్టులో పంపాను. నాలుగో ప్రశ్న కింద రాసింది నీకు దాచడం న్యాయం కాదు కనక ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

‘ఇతను పన్నెండో ఏట నుంచి నా దగ్గర పెరిగాడు. నేను చూసినవి ఇవి. నాకు జ్వరం వచ్చినప్పుడు బడి మానేసి పక్కన కూర్చున్నాడు. ఒకసారి అద్దె డబ్బుతో సైకిలు కొని, డబ్బు దారిలో పోయిందని అబద్ధం చెప్పాడు. మర్నాడు తనంతట తనే వచ్చి ఒప్పుకున్నాడు. పనిలో చేరాక ఇంటి ఖర్చుకు ఇచ్చాడు, కొన్ని నెలలు ఎగ్గొట్టాడు. ప్రమాదం తర్వాత పారిపోలేదు. జైల్లో ఇతని నడవడి నేను చూడలేదు. మంచివాడా, మారాడా అన్నదానికి జవాబు చెప్పేంత నేను చూడలేదు కనక ఆ చోటు ఖాళీగా వదులుతున్నాను.’

నీకు కోపం వస్తుంది. రానీ. కానీ నీ ఉత్తరం నేను మళ్లీ మళ్లీ చదివాను. అందరూ అలాగే రాస్తారు, అదొక మర్యాద అన్నావు. లిఫ్టు కార్డు గురించి కోర్టులో జడ్జి అడిగితే కూడా నువ్వు అన్నది ఇదే. అందరూ అలాగే నింపుతారండీ అన్నావు. అక్కడ రాసింది మూడక్షరాలే. సిరా ఏమీ ఖర్చు కాలేదు. ఆ మూడక్షరాలు నమ్మి ఒక మనిషి అడుగు ముందుకు వేసింది.

చూడకుండా ‘బాగుంది’ అని రాసినందుకు నువ్వు లోపల ఉన్నావు. నిన్ను బయటికి తేవడానికి నన్ను కూడా అదే పని చెయ్యమంటున్నావు. నేను చెయ్యలేను.

స్వెట్టరు పంపుతున్నాను. మోచేతుల దగ్గర రఫూ చేశాను, రంగు కలవలేదు.

అమ్మమ్మ


ఫిబ్రవరి 2
జైలు, బట్టలుతికే షెడ్డు

అమ్మమ్మకు,

నువ్వు రాసిందంతా నిజమే. పీకి చూద్దామన్నా ఒక్క అబద్ధం దొరకలేదు. అదే నా బాధ.

ఒకటి అడుగుతాను, చెప్పు. పాలవాడు దొంగ అంటావు. వాడు నీళ్లు కలపడం ఎప్పుడు చూశావు? పై వాటా ఆవిడ గయ్యాళి అంటావు. ఏ లెక్క తీసి అన్నావు? మా నాన్న పనికిమాలినవాడని నా చిన్నప్పుడు వంద సార్లు అని ఉంటావు, నేను తలుపు వెనక నిలబడి వింటుండగా. పొద్దున లేచింది మొదలు ఊళ్లో ఒక్కొక్కరికీ నీ నోటితో మార్కులు వేస్తూనే ఉంటావు. అప్పుడు గిడ్డంగి సూత్రం ఏమైంది? చెడ్డ మాటకు అక్కర్లేని సాక్ష్యం మంచి మాటకే ఎందుకు కావాలి? అదీ నా దగ్గరికి వచ్చేసరికే ఎందుకు కావాలి?

ఆవిరికి కాగితం మెత్తబడుతోంది, పొడుగ్గా రాయలేను. నా పని మారింది, ఇప్పుడు ఇక్కడ ఉంటున్నాను. ఈ నెల ములాఖత్తు లేదు. రెండో శనివారం రావద్దు. వచ్చినా గేటు దగ్గరే పంపేస్తారు.

స్వెట్టరు అందింది.


ఫిబ్రవరి 28, శనివారం
ఇల్లు

బొంగరానికి,

బోర్డు నిర్ణయం నీకు అక్కడ చదివి వినిపించే ఉంటారు. విడుదల లేదు, మళ్లీ వచ్చే ఏడాది ఫిబ్రవరిలో చూస్తారు. అక్కడ ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయడం నా బాధ్యత.

పొడుగాటి గది. బల్లకు అటు ముగ్గురు, ఇటు ఒక కుర్చీ. పెద్దాయన మధ్యలో కూర్చున్నాడు. పక్కన కళ్లద్దాల ఆవిడ. మూడో ఆయన సంతకం పెట్టడానికి తప్ప తల ఎత్తలేదు. కళ్లద్దాల ఆవిడ నా కాగితం రెండుసార్లు చదివి, నన్ను అడిగింది.

“అమ్మా, మనవడికీ మీకూ మాటల్లేవా?”

“ఉన్నాయి. నెలనెలా ఉత్తరం రాస్తాను.”

“మరి ఇదేమిటి? సైకిలు దొంగతనం కూడా రాశారు.”

“దొంగతనం అని రాయలేదు. అద్దె డబ్బుతో కొన్నాడని రాశాను.”

పెద్దాయన నవ్వాడు. “ఇన్నేళ్లుగా ఈ బల్ల దగ్గర కూర్చుంటున్నానమ్మా. హంతకుల తల్లులు కూడా మావాడు వెన్నపూస అనే రాస్తారు. ఇంటివాళ్లే మంచివాడని అనలేకపోయారంటే మేమేం అనుకోవాలి?”

“అనలేకపోవడం కాదండీ. నేను ఇంకా చూడలేదని.”

“ఖాళీ అంటే ఖాళీయే కదమ్మా.”

అప్పుడు నా నోటి దాకా వచ్చింది. మంచివాడేనండీ అని అనబోయాను. అంటే బహుశా సరిపోయేది. కానీ ఆ కుర్చీలో, ఆ క్షణంలో అంటే అది నీ కోసం అన్న మాట అవుతుంది తప్ప నీ గురించి అన్న మాట కాదు. మింగేశాను. మింగినందుకు నువ్వు నన్ను ఏమన్నా పడతాను.

నేను ఎక్కడ పొరబడ్డానో బస్సులో తిరిగి వస్తుంటే తెలిసింది. మా గిడ్డంగిలో ఏ గడి అయినా ఖాళీగా ఉంటే, ఇంకా చూడలేదు, వెళ్లి చూడాలి అని అర్థం. ఖాళీని చూసి మనిషి లేచి వెళ్లేవాడు. ఆ బల్ల దగ్గర ఖాళీకి అర్థం వేరు. సరుకు లేదని అర్థం. నేను ఏ మాటా చెప్పకుండా వదిలేశాననుకున్నాను. వదిలెయ్యడం కూడా ఒక మాటేనని, అది నేను చెప్పగల మాటలన్నిటిలోకీ చెడ్డదని నాకు తోచలేదు. పాలవాడి గురించి నువ్వు అడిగినదానికి కూడా జవాబు వెతుకుతున్నాను.

ఇంకొకటి. నిర్ణయంలో రెండో కారణం కూడా రాశారు. ‘వర్క్‌షాపులో అవిధేయత.’ నువ్వు పని మారిందని రాశావు, ఎందుకు మారిందో రాయలేదు. ములాఖత్తు లేదని రాశావు, ఎందుకు లేదో రాయలేదు. ఏం చేశావు?

అమ్మమ్మ


మార్చి 15, ఆదివారం
ఇల్లు

బొంగరానికి,

నిన్న రెండో శనివారం. రెండు బస్సులు మారి వచ్చాను. నా పేరు పిలిచారు. నువ్వు రానన్నావని వార్డరు చెప్పాడు. నాకు కేటాయించిన సమయమంతా ములాఖత్తు గదిలో ఆ ఇనప జల్లెడ ముందు కుర్చీలో కూర్చునే ఉన్నాను. అవతల ఖాళీ స్టూలు. ఖాళీని ఎలా చదవాలో నువ్వు నాకు బాగానే నేర్పిస్తున్నావు.

సరే. నువ్వు రాయకపోయినా నేను రాస్తాను. ఈ మధ్య ఒక పని చేశాను.

బోర్డు కాగితాల్లో ఒకటి నాకు అంతు పట్టలేదు. చనిపోయిన దర్జీ ఆమె అక్కకు కూడా వాళ్లు ఒక కాగితం పంపారు. నీ విడుదలకు అభ్యంతరం ఉందా అని అడిగారు. ఆమె ‘లేదు’ అని రాసింది. ఎందుకు రాసిందో తెలుసుకోవాలని, ఆమె ఉంటున్న ఆ నాలుగో అంతస్తుకే వెళ్లాను. ఆ బిల్డింగు లిఫ్టుకు ఇప్పటికీ గొలుసు వేసి ఉంది. మెట్లెక్కాను. అంతస్తు అంతస్తుకీ కూర్చున్నాను, ఆయాసం వచ్చింది. ఆయాసానికి ఈ వయసులో కారణం వెతకనక్కర్లేదు.

చిన్న గది. రెండు కుట్టు మిషన్లు. ఒకదాని మీద దుప్పటి కప్పి ఉంది, దాని ముందు కుర్చీ ఖాళీ. నేనెవరినో చెప్పాను. ఆమె కాలు మిషను మీద నుంచి తియ్యలేదు.

“కూర్చోండి. ఆ కుర్చీ కాదు, ఈ బెంచీ మీద.”

కూర్చున్నాను. ఆమె ఒక చొక్కా చెయ్యి మొత్తం కుట్టడం పూర్తి చేసింది.

“అభ్యంతరం లేదని ఎందుకు రాశావమ్మా?” అని అడిగాను.

“కోర్టులో మీ లాయరు మీవాడిని బంగారమన్నాడు. సౌమ్యుడన్నాడు. బాధ్యత తెలిసినవాడన్నాడు. ఊళ్లో ఉన్న మంచి మాటలన్నీ అతనికే పెట్టేశారు పెద్దమ్మగారూ. మా చెల్లికి ఒక్కటీ మిగల్లేదు. మృతురాలు, మృతురాలు. అంతే.” దారం పళ్లతో తెంపింది. “మీరు రాసింది బోర్డు గుమాస్తా నాకు చదివి వినిపించాడు. దాంట్లో సైకిలు ఉంది. అబద్ధం ఉంది. ఒప్పుకోవడం ఉంది. బంగారాన్ని నేనేం చేసుకుంటాను? మనిషైతే అతని గురించి ఏదో ఒకటి అనుకోవచ్చు కదా. ఆ రోజు వరకూ నాకు అతను మనిషిలా తగల్లేదు.”

“అంటే క్షమించావా తల్లీ?”

“అలా అన్నానా? లేనిది మీరు రాయరంటగా. ఇది కూడా రాయకండి.”

రాయలేదు. ఆమె అన్నది మాత్రమే రాశాను.

బయటికి వస్తుంటే వెనక నుంచి పిలిచింది. “దిగేటప్పుడు గోడ పట్టుకోండి, మూడో అంతస్తులో మెట్టు విరిగింది” అంది.

నీ గురించి నేను రాసిన కాగితం బల్ల దగ్గర నిన్ను ముంచింది, ఆ గదిలో ఇంకో పని చేసింది. కాగితం ఒకటే. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. ఇంతకంటే ముందుకు వెళ్లలేకపోతున్నాను.

నీ జవాబు కావాలి. ఏం చేశావు?

అమ్మమ్మ


మార్చి 29
జైలు, బట్టలుతికే షెడ్డు

అమ్మమ్మా,

ఏం చేశానో రాస్తాను. నీలాగే రాయడానికి ప్రయత్నిస్తాను. నచ్చే మాటలూ నచ్చని మాటలూ తీసేసి.

షెడ్డులో పెద్ద రంపం ఉంది, చక్రంలా తిరిగేది. దాని మీద ఇనప మూత ఉంటుంది, చెయ్యి పళ్లకు తగలకుండా. ఆ మూతకి రెండు బోల్టులుండాలి. ఒకటి ఎప్పుడో ఊడిపోయింది, మూత పక్కకి జరుగుతూ ఉంటుంది. ప్రతి గురువారం నేను కార్డు నింపాలి. మాస్టారు చెప్పినట్టే మూడు వారాలు ‘బాగుంది’ అని నింపాను. ఇది నువ్వు తప్పకుండా గుర్తు పెట్టుకో. మూడు వారాలు నింపాను.

నాలుగో గురువారం పొద్దున నీ ఉత్తరం వచ్చింది. నీ మీద కోపం వచ్చింది. చించేద్దామని జేబులో పెట్టుకున్నాను. మధ్యాహ్నం మాస్టారు కార్డు తెచ్చాడు.

“రాయి, పై ఆఫీసర్లు వస్తున్నారు” అన్నాడు.

“బోల్టు వేసిన తర్వాత రాస్తానండీ” అన్నాను.

“బోర్డు ముందు నీ ఫైలు ఉంది, గుర్తుందా?”

“ఉందండీ.”

“ఒక్క మాటకి ఇంత రాద్ధాంతమా?”

నేను కలం బల్ల మీద పెట్టాను. అంతే చేశాను. సాయంత్రం నన్ను ఇక్కడికి మార్చారు, ములాఖత్తు తీసేశారు, ఫైల్లో ఆ మాట రాశారు. కార్డు ఇంకొకడు నింపాడు.

మార్చి మొదటి వారంలో మూత జరిగింది. రంపం దగ్గర ఉన్నది ఈల. కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. వాడి చొక్కా ఉతకడానికి నా దగ్గరికే వచ్చింది. ఎంత ఉతికినా పోలేదు.

నేను కలం కింద పెట్టినందువల్ల ఏం జరిగింది? వాడి వేళ్లు పోనే పోయాయి. నా విడుదల పోయింది. ఎవరికీ ఏమీ మిగల్లేదు. గొడవ చేసి ఉండాల్సింది, పెద్దాఫీసరు కాళ్లు పట్టుకుని ఉండాల్సింది. సంతకం పెట్టనని నా మటుకు నేను శుభ్రంగా తప్పుకున్నాను. ఆ దర్జీ ఆవిడ విషయంలో అప్పుడు చూడకుండా పెట్టాను, ఇప్పుడు చూసి పెట్టలేదు. రెండుసార్లూ ఒక మనిషి నష్టపోయాడు.

నీకు ఎందుకు రాయలేదంటే, రాస్తే నీ ఉత్తరం వల్లే నా విడుదల పోయిందని నీకు తెలుస్తుంది. ఆ మాట నీకు తెలియకూడదనుకున్నాను. ములాఖత్తుకి ఎందుకు రాలేదంటే, ఆ రోజు నీ ముఖం చూస్తే చెప్పేసేవాణ్ణి.

నాకు మార్కులు వెయ్యకు అమ్మమ్మా. ఇటూ వద్దు, అటూ వద్దు.

బొంగరం


ఏప్రిల్ 12, ఆదివారం
ఇల్లు, కిటికీ పక్క బల్ల

బొంగరానికి,

నిన్న నువ్వు జల్లెడ అవతల వచ్చి కూర్చున్నావు. స్వెట్టరు మోచేతి రంగు గురించి నువ్వు వెక్కిరించావు, నేను పడ్డాను. అది చాలు.

నువ్వు వెళ్లిపోయాక నేను లేస్తుంటే, పక్క కిటికీ దగ్గర చేతికి కట్టుతో ఉన్న మనిషి నన్ను పిలిచాడు. “బొంగరం అమ్మమ్మా?” అన్నాడు. ఎలా గుర్తుపట్టావంటే, “కుర్చీలో అంత నిటారుగా కూర్చునేవాళ్లు ఇక్కడికి ఇంకెవరొస్తారు?” అన్నాడు. నువ్వు కలం కింద పెట్టిన రోజు తను ఆ బల్ల అవతలే ఉన్నాడట. నువ్వు రాసింది వరసలో తప్పు లేకుండా చెప్పాడు. మాస్టారి గొంతు కూడా అనుకరించాడు. ఇంకొకటి, నువ్వు రాయనిది చెప్పాడు. మర్నాటి నుంచి నువ్వు తిండి దగ్గర వరసలో ప్రతివాడికీ చెప్పావట, మూత వదులుగా ఉంది, చెయ్యి దగ్గర పెట్టకండి అని. “నాకు రోజూ చెప్పాడమ్మమ్మా, నేనే ఈల వేసుకుంటూ వినలేదు” అన్నాడు. ఈల ఇప్పుడు వెయ్యడం లేదు. పెదాలకు ఏమీ కాలేదు కదా అని అడిగితే, రావడం లేదు అన్నాడు.

కాబట్టి ఇప్పుడు నేను విన్నాను, చూసినవాడి నోటి నుంచి విన్నాను, ఆ చేతినీ చూశాను.

మార్కులు వెయ్యొద్దన్నావు. వేస్తాను. ఇన్నేళ్లూ నేను ఏమనుకున్నానంటే, చూడాల్సింది చూసి వరసగా పేరిస్తే ఆఖర్న మాట దానంతట అదే తేలుతుందని, అంకెలు కూడితే మొత్తం తేలినట్టు. తేలదు. ఎంత చూసినా ఆ చివర ఎవరో ఒకరు నోరు తెరిచి అనాలి, అన్నదానికి పూచీ పడాలి. పాలవాడి మీద నోరు పారేసుకున్నప్పుడు నేను ఏ పూచీ పడలేదు. అందుకే అంత తేలిగ్గా వచ్చింది. నీ విషయంలో పూచీకి భయపడి, ఆ భయానికి నిజాయితీ అని పేరు పెట్టుకున్నాను. జరిగింది ఒకటే, దానికి మాస్టారు అవిధేయత అని పేరు పెట్టాడు. నువ్వు పేరు పెట్టలేక నన్నూ పెట్టొద్దన్నావు. నేను పెడుతున్నాను. అది మంచి పని. ఈల వేళ్లు పోయినా మంచి పనే. విడుదల పోయినా మంచి పనే. నా ఉత్తరం వల్ల జరిగి ఉంటే, ఆ ఉత్తరం మళ్లీ రాస్తాను.

కానీ దీన్ని తీసుకెళ్లి దర్జీ ఆమె ఎదుట పెట్టి తీసివేత చెయ్యకు. అది వేరే ఖాతా. అందులో జమ చెయ్యడానికి నీ దగ్గరా నా దగ్గరా ఏమీ లేదు, ఎప్పటికీ ఉండదు.

ఇక నేను నీకు చెప్పనిది. మెట్ల మీద ఆయాసం వయసు వల్ల వచ్చింది కాదు. గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోవడం లేదు. మే 6న ఆపరేషను. డాక్టరు ‘మంచి అవకాశాలే ఉన్నాయి’ అన్నాడు. మంచి అంటే ఎంతమందిలో ఎంతమంది అని అడిగితే బల్ల మీది కాగితాలు సర్దుకున్నాడు. వచ్చే ఫిబ్రవరికి ఆ బల్ల ముందు కుర్చీలో నేను ఉంటానో లేదో చూడకుండా రాయలేను. అందుకే చెయ్యాల్సినవి ఇప్పుడే రాస్తున్నాను. సంతకం ముందు పెట్టి కింద రాస్తున్నాను, సంతకం కనపడగానే చదవడం ఆపెయ్యకు.

అమ్మమ్మ

1. వచ్చే ఏడాది కాగితం ఇప్పుడే నింపి, నోటరీ ముందు సంతకం పెట్టాను. ఒకటి నా బీరువాలో ఉంది. రెండోది దర్జీ ఆమె అక్క దగ్గర ఉంది. మళ్లీ మెట్లెక్కి ఇచ్చాను. “ఫిబ్రవరిలో బోర్డుకి తీసుకెళ్లి ఇస్తాను. చదవను” అంది. ఆమెకు నువ్వు కృతజ్ఞతలు రాయకూడదు.

2. రంపం మూత గురించి పెద్దాఫీసరుకి నువ్వూ ఈలా కలిసి అర్జీ పెట్టాలి. ఈల ఎడమచేత్తో సంతకం నేర్చుకుంటున్నాడట. వాడికి కాగితం పట్టుకో.

3. నిన్ను మళ్లీ ఆ షెడ్డుకి మార్చి, మళ్లీ కార్డు ఇస్తే, బోల్టు చూడకుండా రాయకూడదు. ఇంకో ఫిబ్రవరి పోయినా సరే. ఈసారి కలం కింద పెట్టి ఊరుకోవద్దు, గట్టిగా అరవాలి.

4. బోర్డు ముందు ‘మారాను’ అనే మాట అనకూడదు. మూడు గురువారాలు ఏం రాశావో, నాలుగో గురువారం ఏం చేశావో చెప్పు. రెండూ చెప్పు.

5. మే నెల నుంచి రెండో శనివారం నా పేరు పిలవకపోతే అది కోపం వల్ల అనుకోకు. అలాంటి ఖాళీని ఇంకా చూడలేదు అని చదువుకో, మా గిడ్డంగి పద్ధతిలో. ఎవరో ఒకరు వచ్చి చెప్పేదాకా అలాగే చదువుకో.

6. బయటికి వచ్చిన రోజు ఇంటికి రాకముందు ఆ బిల్డింగుకి వెళ్లు. లిఫ్టు బాగుచేసి ఉన్నా మెట్లే ఎక్కు. మూడో అంతస్తులో విరిగిన మెట్టు ఉంటుంది, చూసుకో. నాలుగో అంతస్తులో తలుపు తట్టి నిలబడు. తియ్యకపోతే దిగి వచ్చెయ్యి. తీస్తే, కూర్చోమన్నా ఆ కుర్చీలో మాత్రం కూర్చోకు.

7. వెనక గది తలుపు రెక్క బాగుచేయించాను. దగ్గర నిలబడి చేయించాను. బాగుంది.

8. నాలుగో ప్రశ్న కింద ఈసారి ఖాళీ లేదు. ‘మంచివాడు. ఈ మాటకు నాదే పూచీ’ అని ఉంది. ఆ పూచీ పడినావిడ ఏది అని పెద్దాయన అడిగితే, నువ్వే లేచి నిలబడు.